ఒకటి పక్కన చుక్క లేదు

"నేనే చంపానండి," అంది నర్సు.

పొద్దున పదీ ఇరవై అయింది. నర్సు వాళ్ళ వంటింట్లో చిన్న బల్ల మీద రెండు గ్లాసులు, ఒక పెన్ను, మడత పెట్టిన ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితం నకలు మాత్రమే. అసలు కాగితం సంతకంతో సహా ఇన్‌స్పెక్టర్ చేతికి ఎప్పుడో చేరిపోయింది.

మేష్టారు కాగితం విప్పి చదివాడు. పిల్లల వార్డులో నాలుగో మంచం పాపకి పూటకి ఒకటి ముప్పావు మిల్లీలీటర్ వెయ్యాల్సిన ఫిట్స్ మందును తన నిర్లక్ష్యం వల్ల ఒకటే అని చార్టులో ఎక్కించాననీ, మిగతా నర్సులు ఆ చార్టు చూసే మందు వేశారనీ, మందు చాలక పాప మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ప్రాణం విడిచిందనీ, దానికి తనదే పూర్తి బాధ్యత అనీ రాసుకుంది.

రెండో వాక్యం దగ్గర ఆయన కళ్ళు ఆగిపోయాయి. ఆ వాక్యం తనదే. ఎనిమిది రోజుల క్రితం ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి ఇచ్చిన రిపోర్టులో తను రాసిన వాక్యాన్ని ఈ అమ్మాయి అక్షరం పొల్లు పోకుండా దించుకుంది.

ఆయన పదిహేనేళ్ళు లెక్కలు చెప్పి, తర్వాత ఈ డిటెక్టివ్ పనిలోకి వచ్చినవాడు. అందరూ ఇంకా మేష్టారనే పిలుస్తారు. ఈ కేసుని మూడే రోజుల్లో తేల్చేసినందుకు సూపరింటెండెంట్ చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు కూడా.

"ఎందుకు రాసిచ్చావమ్మా ఇది?"

"మీరు చూపించారు కదండీ. ఎవరికి ఎంత మందో ఆస్పత్రి కంప్యూటర్ తీసిచ్చిన కాగితంలో ఒకటి ముప్పావు ఉంది. నా చార్టులో ఒకటి ఉంది. సీసా మీద ఒకటే చూశానని మొదట్లో అనుకున్నాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది." ఆ అమ్మాయి వేళ్ళ గోళ్ళు చూసుకుంది. "తప్పు చేసినవాళ్ళకి అలాగే కనిపిస్తుందేమో."

సీసా చూస్తే తెలిసిపోయేదే. కానీ పాపకి ఫిట్స్ వచ్చిన తొందరలో సీసా ఒలికి, లేబుల్ మీద సిరా మొత్తం చెదిరిపోయింది.

పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడిన నర్సు వాళ్ళక్క ఒక్కసారి ఇటు తిరిగింది. "దీనికి నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా మేష్టారూ? మీరొచ్చి వెళ్ళిన రోజునుంచీ లేదు. నాలుగింటికి పోలీసులొస్తున్నారు. బట్టలు సర్దుకుని కూర్చుంది. ఇంకా ఏం మిగిలిందని వచ్చారు?"

ఆ మాట ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది. ఆయన సంచిలోంచి రెండు పేజీలు తీసి బల్ల మీద పరిచాడు. రెండూ వార్డు చార్టు నకళ్ళే.

"సోమవారం కొత్త పిల్లల్ని చేర్చుకునే రోజు. ఆ పొద్దున ఆరు సీసాలు చూసి ఈ పేజీ ఎక్కించావు. పైకి చదువు."

"ఒకటి. రెండు. రెండు. నాలుగు. ఒకటి. మూడు."

"ఇది అంతకు ముందు సోమవారం పేజీ. ఇదీ చదువు."

"రెండున్నర. ఒకటింబావు. మూడు. ముప్పావు..." ఆ అమ్మాయి ఆగి తలెత్తింది.

"ఈ పేజీ నిండా దశాంశ చుక్కలున్నాయి. పాప పేజీలో ఒక్క చుక్కా లేదు. కంప్యూటర్ కాగితంలో ఈ ఆరింట్లో నాలుగింటికి చుక్క ఉంది. రెండున్నరని రెండు చేశావు. రెండు ముప్పావునీ రెండే చేశావు. మూడుంబావుని మూడు చేశావు. పొరపాటు పడే మనిషి ఒకసారి ఎక్కువ రాస్తుంది, ఒకసారి తక్కువ రాస్తుంది. నాలుగుసార్లూ చుక్క తర్వాతది మాత్రమే కోసెయ్యడం మనుషులు చేసే తప్పు కాదు తల్లీ."

"మీరు ఇది అప్పుడు చూడలేదా?" అడిగింది అక్క.

"నాలుగో మంచం వరస ఒక్కటే చూశాను. మిగతా ఐదు వరసలూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఈ పొద్దున ఫైల్ కట్టి లోపల పెట్టబోతుంటే కనపడ్డాయి."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. క్షమించమనడానికి ఇది వేళ కాదనిపించింది. క్షమాపణతో నాలుగు గంటల జీపు ఆగదు.

నర్సు రెండు పేజీలనీ ఆయన వైపు నెట్టింది. "వద్దండీ. నేను చెయ్యలేదని మళ్ళీ అనుకోవడం మొదలెడితే, రేపు కాదని తేలితే తట్టుకోలేను. నన్నిలా వదిలెయ్యండి."

* * *

పదకొండూ ఐదుకి ఆయన ఆస్పత్రి మందుల కౌంటర్ లోపల ఉన్నాడు. సీసాల మీద లేబుళ్ళు అంటించే పెద్దావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఆయన్ని చూసింది. ఆవిడ పక్కన లేబుల్ ప్రింటర్ కిర్రుమంటూ కాగితం నాలుక చాపుతోంది.

"ఈ లేబుల్ మీద అంకె ఎక్కణ్ణించి వస్తుందండీ?"

"డాక్టరు రోజు మొత్తానికి ఎంత మందో, ఎన్ని పూటలో కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. భాగించి పూటకి ఎంతో అదే వేసిస్తుంది. నేను అంటిస్తాను, అంతే."

"పాప పోయిన మంగళవారం, దాని ముందు రోజు సోమవారం. లేబుళ్ళలో వింత ఏదైనా చూశారా?"

"రోజుకి రెండొందలు అంటిస్తాను బాబూ. ఏదని గుర్తుంటుంది?" అని ఒక సీసా తుడిచి పక్కన పెట్టి, ఫక్కున నవ్వింది. "అన్నట్టు సున్నా వచ్చింది! పూటకి సున్నా మిల్లీలీటర్లట. ఖాళీ సీసా ఇచ్చి పంపితే సరిపోతుందా అని నేనే అన్నాను. అందరం పడీ పడీ నవ్వాం."

"ఏ రోజు?"

ఆవిడ నవ్వు ఆగింది. "మంగళవారం," అంది నెమ్మదిగా.

"టైము?"

కౌంటర్ కింద ఫోన్ల పుస్తకం ఉంది. అక్కణ్ణించి చేసే ప్రతి ఫోనూ అందులో రాస్తారు. ఆవిడ వేలు వరసలు దిగుతూ ఒక చోట ఆగింది. పదకొండూ పది, సిస్టమ్ రూము, లేబుల్ సున్నా వచ్చింది. దాని కింద ఆవిడ చేతిరాతే: పదకొండూ ఇరవై, సరి అయింది.

"సున్నా బదులు ఎంత వచ్చింది?"

"ముప్పావు. రోజుకి మూడు మిల్లీలీటర్లు, నాలుగు పూటలు. ప్రింటర్ వేడెక్కిందన్నాడు సిస్టమ్ సారు. సరే అనుకున్నాను."

మేష్టారు పుస్తకం అంచు మీద పెన్సిల్‌తో రెండు లెక్కలు వేశాడు. మూడుని నాలుగుతో భాగిస్తే భాగఫలం సున్నా, శేషం మూడు. ఏడుని నాలుగుతో భాగిస్తే భాగఫలం ఒకటి, శేషం మూడు. పాపకి డాక్టరు రాసింది రోజుకి ఏడు మిల్లీలీటర్లు, నాలుగు పూటలు.

ఇది ఐదో తరగతి లెక్క. పదిహేనేళ్ళపాటు బోర్డు మీద వేసిన లెక్క.

"సున్నా కాబట్టి నా కంట పడింది మేష్టారూ," అంది ఆవిడ. "ఒకటి అని వస్తే నేనెలా కనిపెడతాను? ఒకటి కూడా మామూలు అంకే కదా. ఆ సీసా మీద నేనే అంటించానా? నా చేత్తోనే ఇచ్చానా?"

"మీరు ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు మీరు ఈ కౌంటర్ ముందునుంచే వెళ్ళారు. నమస్కారం పెట్టి వెళ్ళారు."

నిజమే. అప్పుడాయన నేరుగా పైకి వెళ్ళి, కంప్యూటర్ కాగితం తీసుకుని, అది అబద్ధం చెప్పదనుకుని దిగి వచ్చాడు.

* * *

పదకొండూ నలభైకి పైన కంప్యూటర్లుండే సిస్టమ్ రూము తలుపు తీసేసరికి లోపల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. సాక్ష్యంగా పెట్టాల్సిన కంప్యూటర్ కాగితాల మీద ముద్ర వేయించుకోవడానికి వచ్చాడు. మేష్టారుని చూసి తన వాచీ వైపు చూసుకున్నాడు.

"రండి మేష్టారూ. మీ చలవే, కేసు నున్నగా వచ్చింది."

"ఆ కాగితాల మీద ముద్ర వెయ్యకండి. అవి తప్పు."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "ఇవి మీ రిపోర్టుకి మీరే జత చేసిన కాగితాలు."

"అందుకే చెబుతున్నాను. నా రిపోర్టూ తప్పే."

"నా దగ్గర సంతకం ఉంది."

"నా రిపోర్టు చదివి, నా మాటలే దించి పెట్టిన సంతకం అది. ఆ అమ్మాయి చూసింది చెప్పలేదు. నేను నమ్మించింది చెప్పింది."

"చూడండి, మీకు మనసు కలుక్కుమంటే గుడికో బడికో వెళ్ళండి. చార్టులో తప్పంకె ఉంది, రాసింది ఆవిడ. పసిపిల్ల పోయింది. ఆ తండ్రి రోజూ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటున్నాడు. ఆయనకి నేనేం చెప్పను? మా మేష్టారు మనసు మార్చుకున్నారు, మళ్ళీ మొదటికొచ్చాం అని చెప్పనా?"

"ఐదు నిమిషాలివ్వండి. తేలకపోతే ఆ ముద్ర నేనే దగ్గరుండి వేయిస్తాను."

ఇన్‌స్పెక్టర్ వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

సిస్టమ్ సారు ఇద్దరి మధ్యా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చల్లటి గదిలో స్వెట్టర్ తొడుక్కుని కూడా మెడ మీద చెమట తుడుచుకుంటున్నాడు.

"మంగళవారం పదకొండూ పదికి మందుల కౌంటర్ నుంచి ఫోనొచ్చింది," అన్నాడు మేష్టారు. "పదకొండూ ఇరవైకి లేబుల్ సరి అయింది. ఆ పది నిమిషాల్లో ఏం చేశారు?"

"ప్రింటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశానండి. వేడెక్కింది."

"కిందికి దిగారా?"

"లేదండి, ఇక్కడే..." సగంలో నాలుక కరుచుకున్నాడు.

"ప్రింటర్ కింద ఉంది. మీరు పైన ఉన్నారు. స్విచ్ ఎవరు నొక్కారు?"

ఇన్‌స్పెక్టర్ ఒరిగి నిలబడ్డవాడు కాస్తా నిటారుగా నిలబడ్డాడు.

"ఈ కుర్చీలోంచి లేవకుండా మీరు ముట్టుకున్నదేదో, అది చూపించండి చాలు," అన్నాడు మేష్టారు.

సిస్టమ్ సారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. మనం అక్షరాలు కొడితే అది అక్షరాల్లోనే బదులిస్తుంది.

"ఆస్పత్రి లెక్కలన్నీ ఉండే డేటాబేస్‌తో మేం దీన్లోంచే మాట్లాడతాం. ఇది మొదలవగానే ముందు ఒక చిన్న ఫైల్ చదువుకుంటుంది. లేబుళ్ళు వేసే ప్రోగ్రాం కూడా అదే ఫైల్ చదువుతుంది." ఆ ఫైల్ తెరిచాడు. పట్టుమని పది వరసలు లేవు. చివరిసారి మార్చిన టైము పైన ఉంది: మంగళవారం, పదకొండూ ఇరవై.

ఇన్‌స్పెక్టర్ వంగి మొదటి వరస పైకి చదివాడు. "సెట్ ఎస్‌క్యూఎల్ డయలెక్ట్ ఒకటి. అంటే ఏంటి?"

"ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష. డయలెక్ట్ అంటే మాండలికం అండి, యాస. ఏ యాసలో మాట్లాడుతున్నామో దీనికి ముందే చెప్పాలి. ఒకటి పాత యాస, మూడు కొత్తది. ఒకే మాట రెండిట్లోనూ పనిచేస్తుంది కానీ, కొన్నిచోట్ల అర్థం మారిపోతుంది. ఒకటిలో ఏడుని నాలుగుతో భాగించమంటే ఒకటి ముప్పావు అంటుంది. మూడులో... రెండూ పూర్ణాంకాలే కాబట్టి జవాబూ పూర్ణాంకమే ఇస్తుంది. మిగిలింది వదిలేస్తుంది."

"మంగళవారం పొద్దున ఈ వరసలో ఏముంది?" అడిగాడు మేష్టారు.

"రోజూ ఆరింటికి అన్ని ఫైళ్ళకీ నకలు తీస్తామండి." ఆదివారం నకలు తెరిచాడు, ఒకటి. సోమవారం నకలు, ఒకటి. మంగళవారం నకలు తెరిచి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

మూడు.

"ఇప్పుడు మూడు పెట్టి, పాప లెక్క వెయ్యండి," అన్నాడు మేష్టారు.

రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి తెర మీద జవాబు వచ్చింది. ఒకటి. దాని పక్కన ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. ముద్ర కోసం తెచ్చిన కాగితాల్ని నాలుగు మడతలు పెట్టాడు. "ఈ కాగితం మేష్టారుకి ఇచ్చింది నువ్వు," అన్నాడు సిస్టమ్ సారుతో. మీరు అనే మాట పోయింది. "ఒకటి యాసలో వేసి, ఒకటి ముప్పావు వచ్చేలా తీసి ఇచ్చావు."

"అది మామూలుగా ఉండే యాసేనండి. నేను దొంగ కాగితం ఏమీ..." అని ఆగాడు. "అవునండి. ఇచ్చాను."

"ఎందుకు మార్చారు?" అడిగాడు మేష్టారు.

"కొత్త ప్రోగ్రాం పరీక్షించాలని. తారీఖులూ టైములూ కొత్త యాసలోనే సరిగ్గా వస్తాయి. సోమవారం ఎనిమిదీ ఐదుకి మార్చాను. లేబుళ్ళు కూడా ఈ ఫైలే చదువుతాయన్న సంగతి మర్చిపోయాను. రెండు అని ఇంకోటుందండి. తేడా వచ్చే ప్రతిచోటా హెచ్చరిక చేస్తుంది. మూడుకి వెళ్ళేముందు రెండు పెట్టి చూడమని పుస్తకంలో రాసే ఉంది. చూడలేదు. సాయంత్రానికల్లా వెనక్కి మార్చేద్దాం కదా అనుకున్నాను. సాయంత్రం మర్చిపోయాను."

"సరే, మర్చిపోయావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సున్నా వచ్చాక తెలిసింది కదా. పదకొండూ ఇరవైకి తెలిసింది. పాప పోయింది ఒంటిగంటా నలభైకి. మధ్యలో రెండు గంటల ఇరవై నిమిషాలు ఏం చేశావు?"

సిస్టమ్ సారు స్వెట్టర్ లోపల చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, చెమటకి మెత్తబడి గుడ్డలా అయిపోయిన కాగితం.

"పదకొండూ ఇరవయ్యైదుకి జాబితా తీశానండి. ఆ రోజున్నరలో తప్పు పడిన లేబుళ్ళన్నీ. నలభై ఒకటి. చాలావరకు దగ్గు మందులూ, విటమిన్లూ. అర చుక్క తగ్గినా ఏం కాదు. భయం వేసినవి రెండే. అందులో పాపది ఒకటి." కాగితాన్ని బల్ల మీద పరిచాడు. "చెబుదామని వార్డుకి వెళ్ళానండి. నిజంగా వెళ్ళాను. పన్నెండింటికి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ నర్సమ్మాయి పాపని ఒళ్ళో కూచోబెట్టుకుని మందు పోస్తోంది. పాప మొహం చిట్లించింది. చెబితే, ఎవరు మార్చారు, ఎవరినడిగి మార్చారు అంటారు. నేను ఎవరినీ అడగలేదు. ఆరింటికి ఇంకో పూట వేసేలోపు సీసా నేనే ఎలాగోలా మార్పిద్దాం, ఎవరికీ తెలియకుండా సర్దేద్దాం అనుకున్నాను. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. వెనక్కి వచ్చేశాను."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి లేచింది. గాల్లోనే ఆగిపోయి, మళ్ళీ కిందికి దిగింది.

మేష్టారు కిటికీ లేని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ మనిషిని అసహ్యించుకోవాలని చూశాడు కానీ కుదరలేదు. తలుపు దగ్గర నిలబడి చూసి వెనక్కి వచ్చేసినవాడు ఒక్కడే కాదు. నమస్కారం పెట్టి కౌంటర్ దాటిపోయినవాడు కూడా ఉన్నాడు. తేడా అల్లా, అతనికి భయం, తనకి తొందర. మధ్యలో ఆ అమ్మాయి బట్టలు సర్దుకుని కూర్చుంది.

అప్పుడు ఒక మాట ఆయన చెవిలో ఆలస్యంగా పడింది.

"రెండే అన్నారు." వెనక్కి తిరిగాడు. "పాపది ఒకటి. రెండోది ఎవరిది?"

సిస్టమ్ సారు తల వంచుకున్నాడు. మెత్తటి కాగితం మీద రెండు వరసల కింద ఎర్ర గీతలున్నాయి.

"ఇంకో చిన్న పాపదండి. అదే ఫిట్స్ మందు. రోజుకి మూడు మిల్లీలీటర్లు, రెండు పూటలు. ఒకటిన్నర పోయాల్సింది, ఒకటి పడింది. సోమవారం మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. నెలకి సరిపడా సీసా ఇచ్చారు."

"నెలకా!" ఇన్‌స్పెక్టర్ కాగితం లాక్కున్నాడు. "అంటే ఇవాళ్టికీ అదే సీసా? రెండు వారాల్నుంచీ?"

"నాకు భయమేసింది సార్. ఆఫీసు అయ్యాక రోజూ వాళ్ళింటి ఎదురుగా వెళ్ళి నిలబడుతున్నాను. సాయంత్రం ఆ పాప గుమ్మంలో ఆడుకుంటుంది. బంతి విసురుతుంది. ఆడుకుంటోంది కదా, బానే ఉంది కదా అనుకుని వచ్చేస్తున్నాను. రోజూ చూస్తున్నానండి. రోజూ బానే ఉంది." మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "నిన్న సాయంత్రం బయటికి రాలేదు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "అడ్రసు నా దగ్గరుంది. పిల్లల డాక్టర్ని జీపు ఎక్కించుకుని వెళ్తాను. మీరు ఫోన్ చెయ్యండి మేష్టారూ, చేస్తూనే ఉండండి! ఎత్తేదాకా వదలొద్దు!" బూట్ల చప్పుడు మెట్ల మీద దడదడా దిగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ లాక్కున్నప్పుడే జాబితాలో ఫోన్ నంబరు మేష్టారుకి కంఠతా పట్టినట్టు ఒక్క చూపులో ఎక్కేసింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. సిస్టమ్ సారు కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని, ఆయన చేతిలోని ఫోన్ వైపే చూస్తున్నాడు.

మూడోసారి ఎవరో ఎత్తారు. తల్లి గొంతు. నీరసంగా ఉంది.

"ఆస్పత్రి నుంచమ్మా," అన్నాడు మేష్టారు. "పాప ఎలా ఉంది?"

"మీరే చేశారా! నేనే చేద్దామనుకుంటున్నానండీ. నిన్నట్నుంచీ ఉండుండి ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది. ఇందాక కళ్ళు కూడా తేలేసింది. మళ్ళీ సర్దుకుని పడుకుంది. మందు మాత్రం ఆపలేదండీ. సీసా మీద ఎంత రాసుందో అంతే, చుక్క ఎక్కువా తక్కువా కాకుండా పోస్తున్నాం. ఒక్క పూట కూడా తప్పలేదు..."

"అమ్మా, నా మాట విను. డాక్టరు బయల్దేరారు, వస్తున్నారు. నువ్వు పాప దగ్గరికి వెళ్ళు. పాపని ఒక పక్కకి తిప్పి..."

అవతల ఫోన్ కింద పడ్డ చప్పుడైంది. ఆ వెంటనే తల్లి కేక వినిపించింది. దాని వెనక, మంచం కోళ్ళు నేలకేసి టకటకా కొట్టుకోవడం మొదలైంది.